శేషం పలికే సాక్ష్యం: తాళ్లపాక రాగిరేకు నుంచి షిఫ్ట్ రిజిస్టర్ దాకా

తిరుమల ఆలయంలో బయటపడిన తాళ్లపాక రాగిరేకుల్లో ఒకటి అన్నమయ్య జీవితానికి రెండు గట్టి తేదీలు ఇస్తుంది. మొదటిది శకవర్షం 1346, క్రోధి నామ సంవత్సరం. పదహారేళ్ల వయసులో ఆయన సంకీర్తనలు మొదలుపెట్టిన ఏడు అది. రెండోది శకవర్షం 1424, దుందుభి నామ సంవత్సరం, ఫాల్గుణ బహుళ ద్వాదశి. ఆయన కన్నుమూసిన రోజు. మన పాత కవుల్లో ఎంతమందికి ఇంత స్పష్టంగా కాలం దొరికింది? వేమన ఏ శతాబ్దివాడో ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. పాత కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్యకు ఆ చిక్కు రాలేదంటే కారణం ఒకటే: రేకు చెక్కించినవాళ్లు ఒకే ఏడాదిని రెండు విధాలుగా చెప్పారు, ఒకసారి అంకెతో, మరోసారి పేరుతో.

ఆ రెండూ పొసుగుతున్నాయో లేదో ఎవరైనా చూడవచ్చు. గడిచిన శకవర్షానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్కపెట్టిన సంవత్సరం వరుస. శేషం సున్నా అయితే అది 60వది, అక్షయ. 1346కు 12 కలిపితే 1358. అందులోంచి 60 చొప్పున ఇరవైరెండు సార్లు తీసేస్తే 38 మిగులుతుంది. 38వది క్రోధి. 1424కు 12 కలిపితే 1436, శేషం 56. 56వది దుందుభి. పదహారేళ్లు వెనక్కి పోయి 1330 తీసుకుంటే శేషం 22, సర్వధారి. అన్నమయ్య 1408లో పుట్టాడని మనం చెప్పుకునేది ఆ సర్వధారినే.

ఇక్కడ కాసేపు ఆగాలి. రాగి అరుగుతుంది, రాయి పెచ్చులూడుతుంది, నకలు రాసే చేయి తడబడుతుంది. అంకెల్లో ఒకటి మారిపోయిందనుకుందాం. ఒకట్ల స్థానంలో ఏ అంకె మారినా శేషం మారి తీరుతుంది, పేరుతో పొసగదు, తప్పు బయటపడుతుంది. పదుల స్థానంలో తేడా సరిగ్గా 6 అయితేనే తప్పు దాగుతుంది. 1 పోయి 7 రావాలి, లేదా 2 పోయి 8, 3 పోయి 9, 0 పోయి 6, లేదా వీటిలో ఏదైనా తిరగబడాలి. వందల స్థానంలో తేడా 3 గానీ 6 గానీ 9 గానీ అయితే దాగుతుంది, ఎందుకంటే 300 అంటే అయిదు అరవైలు. తెలుగు అంకెల్లో ౨, ౩ లకు పోలిక ఎక్కువ కదా. 1424ను ఎవరైనా 1434గా చదివారనుకోండి. శేషం 6, అంటే ఆంగీరస. దుందుభి అన్న పేరు వెంటనే అడ్డం తిరుగుతుంది. 1724గా చదివితే మాత్రం మళ్లీ దుందుభే వస్తుంది. కానీ శకం 1724 అంటే క్రీస్తుశకం 1802, థామస్ మన్రో దత్త మండలాలకు కలెక్టరుగా ఉన్న కాలం. ఆ పొరపాటును లిపే పట్టిస్తుంది.

అసలు సంఖ్యతో పాటు దాని శేషాన్ని కూడా చెప్పడం, అవతలివాళ్లు మళ్లీ భాగించి సరిచూసుకోవడం: కంప్యూటర్ల కాలంలో ఇంజనీర్లు ఎర్రర్ డిటెక్షన్ అని పిలిచే పనికి ఇది సూటి ఉదాహరణ. రేకు చెక్కించినవాళ్లు దీన్ని అలా ఆలోచించి చేశారని నేను అనడం లేదు. అది వాళ్ల ఆచారం. ఆచారం వెనుక ఉన్న గణితం మాత్రం నిజం, అది అయిదు వందల ఏళ్లు పనిచేసింది.

ఈ ధారావాహిక పోయిన భాగం మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతుల, అంటే ఊళ్ల చరిత్రల, దగ్గర ఆగింది. అవి చదివినవాళ్లకు ఒక ఇబ్బంది తెలిసే ఉంటుంది. చాలాచోట్ల శకవర్షం ఉండదు, సంవత్సరం పేరు ఒక్కటే ఉంటుంది. ఫలానా రక్తాక్షిలో చెరువు తెగింది అంటారు. ఏ రక్తాక్షి? అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. పైగా కడప, కర్నూలు రెండూ నవాబుల ఏలుబడి చూసిన ఊళ్లు. ఒక కాగితంలో హిజ్రీ, ఇంకోదాంట్లో ఫసలీ, మూడోదాంట్లో శకం. చాంద్రమానపు హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులే కాబట్టి అది సౌరమాన లెక్కకు ఏటా పదకొండు రోజులు ముందుకు జరిగిపోతుంది. ఒకటి 60తో తిరుగుతుంటే, ఇంకొకటి వేరే వేగంతో తిరుగుతుంటే, రెండూ ఎక్కడ కలుస్తాయో చెప్పేదెవరు?

ఆ పని నెత్తిన వేసుకున్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడప కలెక్టరు దగ్గర సహాయకుడిగా అడుగుపెట్టాడు. తర్వాత కడపలోనే బంగళా, తోట కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించి, పాఠాలు సరిచూయించాడు. ఇప్పుడు ఆ స్థలంలోనే ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. బ్రౌన్ దొర అంటే మనకు నిఘంటువు, వేమన పద్యాలు. కానీ ఆ నిఘంటువు అచ్చు కావడానికి రెండేళ్ల ముందు, 1850లో, మద్రాసులో ఆయన పుస్తకం ఇంకొకటి వెలువడింది. తెలుగు, కన్నడ దేశాల చరిత్ర కోసం హిందూ, మహమ్మదీయ కాలగణనలను జతపరిచిన చక్ర పట్టికల పుస్తకం అది. పేరే సైక్లిక్ టేబుల్స్. 1863లో లండన్ నుంచి కర్ణాటిక్ క్రోనాలజీ అని దాన్ని పెంచినట్టుగా మరొకటి తెచ్చాడు. పద్యాలు కాపాడినందుకు ఆయనకు దండం పెట్టే మనం, ఆ పద్యాలు పుట్టిన కాలాన్ని కొలిచే గొట్టు లెక్కలకు ఆయన పెట్టిన కష్టాన్ని మరిచిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. సాహిత్యానికి కాపలా కాసింది ఆయన అభిరుచి ఒక్కటే కాదు, ఈ పట్టికలు కూడా.

బ్రౌన్ తర్వాత 1896లో సూయెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ కలిసి రాసిన ఇండియన్ క్యాలెండర్, ఆ తర్వాత స్వామికన్ను పిళ్లై ఇండియన్ ఎఫిమెరిస్ వచ్చాయి. శాసనాలు చదివేవాళ్లకు అవి చేతి పనిముట్లయ్యాయి. కూటశాసనాలను పట్టుకోవడంలో ఈ తేదీల తనిఖీ ఎంత పదునైన ఆయుధమో ఫ్లీట్ వంటివారు చూపించారు.

ఆ తనిఖీ ఎలా ఉంటుందో ఒకదాన్ని పూర్తిగా చేసి చూద్దాం. మొన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లాలో ఉండి ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చిన అహోబిలంలో కృష్ణదేవరాయలి శాసనం ఉంది. కళింగ దండయాత్ర కాలంలో ఆయన స్వామిని దర్శించి హారం, వజ్రాలు పొదిగిన కడియాలు, బంగారు పళ్లెం, వెయ్యి వరహాలు సమర్పించాడు. యువ నామ సంవత్సరం, పుష్య శుద్ధ పౌర్ణమి, శుక్రవారం. చరిత్రకారులు దీన్ని 1515 డిసెంబరు 21 అంటారు. అది పాత జూలియన్ లెక్క. ఇప్పటి క్యాలెండర్‌లోకి మార్చితే పది రోజులు కలిపి 1515 డిసెంబరు 31.

ముందు వారం చూద్దాం. ఆ రోజు నుంచి 2000 జనవరి 1 దాకా 1,76,779 రోజులు. 7తో భాగిస్తే శేషం 1. 2000 జనవరి 1 శనివారం. ఒక రోజు వెనక్కి జరిగితే శుక్రవారం. తర్వాత తిథి. 2000 జనవరి 21న పౌర్ణమి, ఆనాడు సంపూర్ణ చంద్రగ్రహణం కూడా పట్టింది. అహోబిలం రోజుకూ ఆ రోజుకూ మధ్య 1,76,799 రోజులు. సగటు చాంద్రమాసం 29.530588 రోజులు. దాన్ని 5,987తో గుణిస్తే 1,76,799.63. అంటే పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య 484 ఏళ్లలో తేడా ఒక రోజు కూడా లేదు. చివరికి సంవత్సరం. 1515 డిసెంబరు నాటికి గడిచిన శకవర్షాలు 1437. 12 కలిపితే 1449, శేషం 9. తొమ్మిదవది యువ.

మూడు చక్రాలూ ఒకే చోట ఆగాయి. ఏదో ఒక తేదీని ఊహించి చెక్కితే వారం కుదరడానికి 7లో ఒక వంతు, తిథి కుదరడానికి 30లో ఒక వంతు, సంవత్సరం కుదరడానికి 60లో ఒక వంతు అవకాశం. మూడూ కలిసి కుదరడానికి దాదాపు 12,600లో ఒక వంతు. ఈ శాసనాన్ని నమ్మడానికి నాకు రాయల మీద భక్తి అక్కర్లేదు, ఈ శేషాలు చాలు.

ఇప్పుడు లెక్కలోంచి యంత్రంలోకి రావాలి. మధ్యలో ఒక మనిషిని కలుసుకుని పోదాం. 1825లో మద్రాసులో కాలసంకలిత అనే పెద్ద పుస్తకం వచ్చింది. రాసినవాడు జాన్ వారెన్. పుదుచ్చేరిలో పంచాంగం చేసే ఒక తమిళుడు నేల మీద గవ్వలు పేర్చుకుంటూ, పట్టికలన్నీ నోటి లెక్కగా పెట్టుకుని, 1825 మే 31 చంద్రగ్రహణాన్ని గణించడం ఆయన చూశాడు. ఆ మనిషి చేతిలో కాగితం లేదు, సిద్ధాంత గ్రంథాల తర్కం ఆయనకు తెలియదు. అయినా గ్రహణం ఎప్పుడు పట్టేదీ కొద్ది నిమిషాల తేడాతో చెప్పాడు. గవ్వల వరుసే అప్పటి స్థితి. బట్టీపట్టిన నియమం ఆ స్థితిని తర్వాతి స్థితిగా మారుస్తుంది. మళ్లీ అదే నియమం, మళ్లీ కొత్త స్థితి. ఇప్పటి స్థితి, నియమం, తర్వాతి స్థితి: ఎలక్ట్రానిక్స్ పాఠంలో సీక్వెన్షియల్ సర్క్యూట్ అంటే ఈ మూడే. వచ్చిన సంకేతానికి అప్పటికప్పుడు జవాబిచ్చే సర్క్యూట్ వేరు. ముందు జరిగినదాన్ని గుర్తుంచుకుని, దాన్నిబట్టి నడిచేది ఇది.

కర్నూలు, కడప ఇంజనీరింగ్ కాలేజీల్లో రెండో ఏడు చదివే పిల్లలకు ఫ్లిప్‌ఫ్లాప్ కొత్త కాదు. 0 గానీ 1 గానీ పట్టుకుని ఉంచే చిన్న గది అది. అలాంటి మూడు గదుల్ని వరుసగా పెడితే షిఫ్ట్ రిజిస్టర్. అరుగు మీద ముగ్గురు పిల్లలు కూర్చున్నారనుకోండి. గవ్వ చేతిలో ఉంటే 1, లేకుంటే 0. చప్పట్లు కొట్టినప్పుడల్లా ప్రతివాడూ తన అంకెను ఎడమవాడికి ఇస్తాడు. అందరికంటే ఎడమనున్నవాడి అంకె బయటికి పోతుంది. కుడి చివర ఖాళీ అయిన చోటికి కొత్త అంకె కావాలి. దానికి నియమం: చప్పట్లకు ముందు ఎడమవాడి దగ్గరున్నదీ నడిమివాడి దగ్గరున్నదీ కూడాలి. కూడిక మాత్రం 2తో భాగించిన శేషం లెక్క, అంటే ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా.

100తో మొదలుపెట్టి నడిపించండి. 100, 001, 010, 101, 011, 111, 110. ఏడో చప్పట్లకు మళ్లీ 100. సరిగ్గా ఏడు స్థితులు, ఒక్కటీ మళ్లీ రాలేదు, 000 తప్ప ఏదీ మిగల్లేదు. మూడు గదులతో సాధ్యమయ్యే స్థితులు ఎనిమిది, సున్నాల స్థితి దానంతటది కదలదు కాబట్టి ఏడు. ఆదివారానికి 100 అని పేరు పెడితే సోమవారం 001, మంగళవారం 010, బుధవారం 101, గురువారం 011, శుక్రవారం 111, శనివారం 110. వారాల చక్రం మొత్తం మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లలో, ఒకే ఒక కూడికతో తిరుగుతోంది. అహోబిలం శుక్రవారం ఈ యంత్రంలో మూడు ఒకట్లు.

దీన్ని లీనియర్ అని ఎందుకంటారో ఇక్కడే చూడవచ్చు. ఆదివారం 100, మంగళవారం 010. గదికి గది చొప్పున కూడితే 110, శనివారం. ఇప్పుడు మూడింటినీ ఒక్కో అడుగు ముందుకు వేయించండి. ఆదివారం సోమవారమై 001, మంగళవారం బుధవారమై 101, శనివారం ఆదివారమై 100. 001, 101 కూడితే వచ్చేది 100. ముందు కూడి తర్వాత నడిపినా, ముందు నడిపి తర్వాత కూడినా ఫలితం ఒకటే. ఈ ఒక్క గుణంతో యంత్రం మొత్తం బీజగణితానికి లొంగిపోతుంది. యంత్రం వేసే ఒక్కో అడుగు మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసల మాత్రికతో చేసే ఒక గుణకారం. నూరు అడుగుల తర్వాత ఏమవుతుందో తెలియాలంటే నూరుసార్లు చప్పట్లు కొట్టనక్కర్లేదు. ఆ మాత్రికను ఏడుసార్లు గుణిస్తే ఉన్న స్థితిని కదపని మాత్రిక వస్తుంది. నూరును ఏడుతో భాగిస్తే శేషం 2, కాబట్టి రెండు అడుగులు వేస్తే చాలు. బయటి నుంచి సంకేతాలు వస్తూ ఉన్నా ఇదే దారి: లోపలి స్థితి వల్ల కలిగే ఫలితం ఒకవైపు, బయటి సంకేతం వల్ల కలిగేది మరోవైపు విడివిడిగా కట్టి, ఆఖరున కూడుకోవచ్చు.

నియమం మారిస్తే ఏమవుతుంది? కొత్త అంకెకు ముగ్గురివీ కూడాలి అనండి. 100, 001, 011, 110, మళ్లీ 100. చక్రం నాలుగుకే ముగిసింది. గదులు అవే మూడు. ఏ గదుల నుంచి తీగ వెనక్కి తెచ్చామన్నదే చక్రం నిడివిని నిర్ణయిస్తుంది. ఏ తీగలు ఏ నిడివినిస్తాయో చెప్పే శాస్త్రం 1950లలో రూపుకట్టింది. డేవిడ్ హఫ్‌మన్ 1956లో ఇలాంటి సర్క్యూట్లను ఎలా కట్టాలో రాశాడు. 1959లో బెర్నార్డ్ ఎల్స్‌పాస్, బయటి సంకేతం లేకుండా తమంతట తాము తిరిగే వాటి చక్రాలన్నిటినీ విడదీసి చూపాడు. అదే ఏడు బెర్నార్డ్ ఫ్రీడ్‌లాండ్ 2 దగ్గర ఆగకుండా ఏ ప్రధాన సంఖ్యతోనైనా శేషాల లెక్క నడిచే సర్క్యూట్లను విశ్లేషించాడు. సోలమన్ గోలోంబ్ షిఫ్ట్ రిజిస్టర్ల పుస్తకం, ఆర్థర్ గిల్ లీనియర్ సీక్వెన్షియల్ సర్క్యూట్ల పుస్తకం, రెండూ 1967లో వచ్చాయి. తీగల అమరికను ఒక బహుపదిగా రాస్తారు. ఆ బహుపది ఎలాంటిదో చూస్తే చక్రం నిడివి తెలిసిపోతుంది. గదుల సంఖ్యకు సాధ్యమైనంత పొడవైన చక్రాన్నిచ్చే బహుపదులకు ప్రిమిటివ్ అని పేరు. మన వారం యంత్రానిది అలాంటిదే.

ప్రధాన సంఖ్యే ఎందుకు? 60తోనే శేషాలు కట్టే యంత్రం ఎందుకు కాదు? 60 లెక్కలో 12ను 5తో గుణిస్తే సున్నా. రెండూ సున్నా కానివి, లబ్ధం మాత్రం సున్నా. అలాంటి చోట భాగహారం నమ్మదగింది కాదు, సమీకరణాలు విప్పడం కుదరదు. 2, 3, 5, 7 వంటి ప్రధాన సంఖ్యలతో ఆ గండం లేదు, సున్నా తప్ప ప్రతి సంఖ్యకూ విలోమం ఉంటుంది. మరి ప్రభవాది అరవై ఏళ్ల చక్రాన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లతో కట్టాలంటే? దారి ఉంది, నాకు ఈ భాగం మొత్తంలో ఎంతో ఇష్టమైన చోటు ఇదే. నాలుగు గదుల రిజిస్టర్‌లో ఎడమ చివరి రెంటినీ కూడి వెనక్కి తెస్తే 15 స్థితుల చక్రం వస్తుంది. ఇందాక నాలుగుకే ముగిసిన మూడు గదుల రిజిస్టర్‌ను దాని పక్కన పెట్టండి. 15కూ 4కూ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. రెండూ కలిసి మొదటి చోటికి రావడానికి సరిగ్గా 60 అడుగులు. ఏడు ఫ్లిప్‌ఫ్లాప్‌లు, అరవై సంవత్సరాలు.

రెండు రిజిస్టర్ల స్థితి చూసి ఏ సంవత్సరమో ఎలా చెప్పాలి? మొదటిది 15లో 11వ చోట ఉంది, రెండోది 4లో సున్నా చోట ఉంది అనుకుందాం. 15తో భాగిస్తే 11 మిగిలే సంఖ్యలు 11, 26, 41, 56. వాటిలో 4తో నిశ్శేషంగా పోయేది 56 ఒక్కటే. దుందుభి. రెండు భాజకాలతో భాగించగా వచ్చిన శేషాల నుంచి అసలు సంఖ్యను రాబట్టే ఈ పద్ధతికి ఆర్యభటుడు 499లోనే సూత్రం ఇచ్చాడు. మన గణితంలో దాని పేరు కుట్టకం. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూటుల కాలపు మహావీరాచార్యుడు దాన్ని విస్తరించాడు. ఆయన గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినవాడే పావులూరి మల్లన. గ్రహాలు ఒకే చోటికి చేరే దినాన్ని కట్టడానికి పుట్టిన కుట్టకం, రెండు రిజిస్టర్లు ఒకే చోటికి చేరే అడుగును అంతే సూటిగా కడుతుంది.

ఇక దత్త మండలాల బిడ్డ ఒకరు. 1800లో నిజాం ఇంగ్లీషువారికి ధారపోసిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలకు ఆ పేరు. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు మాట మీద అది రాయలసీమ అయింది. ఆ పేరు రావడానికి ఎనిమిదేళ్ల ముందు, 1920 సెప్టెంబరు 10న, అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో కల్యంపూడి రాధాకృష్ణారావు పుట్టాడు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాడు. 1947లో ఆయన ప్రకటించిన ఆర్థాగొనల్ అర్రేలు ఈ కథలోకి నేరుగా వస్తాయి.

మన వారం యంత్రం నుంచి బయటికి వచ్చే అంకెల వరుస 1001011. దాన్ని ఒక్కో స్థానం జరుపుతూ ఏడు వరుసలుగా రాయండి. ఎనిమిదో వరుసగా ఏడు సున్నాలు పెట్టండి. ఎనిమిది వరుసలు, ఏడు నిలువులు. ఇప్పుడు ఏ రెండు నిలువులైనా తీసుకుని చూడండి, 00, 01, 10, 11 ఒక్కొక్కటి సరిగ్గా రెండేసిసార్లు కనిపిస్తాయి. ఇదే ఆర్థాగొనల్ అర్రే. నంద్యాల నల్లరేగడిలో జొన్న మీద ఒక ప్రయోగం అనుకుందాం. విత్తనం రకం, విత్తే అదను, సాళ్ల ఎడం, ఎరువు, దుక్కి లోతు, కలుపు తీత, తడి. ఏడు విషయాలు, ఒక్కోదానికి రెండేసి పద్ధతులు. అన్ని కలయికలూ చూడాలంటే 128 మళ్లు కావాలి. ఈ పట్టిక ప్రకారం 8 మళ్లు వేస్తే ఏడింటిలో ఒక్కోదాని సొంత ప్రభావాన్ని విడదీసి చెప్పవచ్చు, ఒకదాంతో ఒకటి పెనవేసుకుని చూపే ప్రభావాలు పెద్దవి కానంతవరకు. వాన చుక్క కోసం ఎదురుచూసే సీమలో, ఒక అదను పోతే ఏడాది పోయే చోట, 128 మళ్లకూ 8 మళ్లకూ ఉన్న తేడా ఎంతో వేరే చెప్పాలా? ప్రధాన సంఖ్యలతో శేషాలు కట్టే లెక్కల్లాంటి పరిమిత క్షేత్రాల (ఫైనైట్ ఫీల్డ్స్) మీద రావు పని చేసిన బీజగణితమే తర్వాత తప్పులు దిద్దే కోడ్లకూ పునాది అయింది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనను వరించింది. ఆ ఆగస్టు 22న నూట రెండేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఈ చక్రాలు ఇప్పుడు మన నెత్తి మీద తిరుగుతున్నాయి. జీపీఎస్ ఉపగ్రహం పౌరుల కోసం పంపే సంకేతంలో రెండు రిజిస్టర్లు ఉంటాయి, ఒక్కోదానికి పది గదులు. 2 పదో ఘాతంలోంచి ఒకటి తీసేస్తే 1023, అదే చక్రం నిడివి. రెంటి అంకెలనూ 2తో శేషం లెక్కన కూడితే ఆ ఉపగ్రహానికే సొంతమైన వరుస వస్తుంది. రెండోదాన్ని ఎన్ని అడుగులు జరిపి కూడారన్నదాన్నిబట్టి ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో వరుస. ఈ కుటుంబాన్ని 1967లో రాబర్ట్ గోల్డ్ కనిపెట్టాడు. సెకనుకు 10,23,000 అంకెల వేగంతో వరుస మిల్లీసెకనుకోసారి మళ్లీ మొదలవుతుంది. ఫోను తన దగ్గరున్న వరుసను జరుపుతూ జరుపుతూ వచ్చినదానితో సరిపోలే చోటు పట్టుకుంటుంది, ఆ జరుపే దూరాన్ని చెబుతుంది. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి లేచిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏతో మొదలైన మన నావిక్ కూడా పౌర సేవకు 1023 నిడివి గోల్డ్ వరుసలనే తీసుకుంది.

కైఫీయతుల చిక్కు ఇక్కడా తలెత్తింది. జీపీఎస్ వారాలను పది అంకెల ద్విసంఖ్యతో లెక్కిస్తుంది, అంటే 1024తో శేషం. 1980 జనవరి 6న సున్నాతో మొదలై, 7,168 రోజులు గడిచాక 1999 ఆగస్టు 22న మళ్లీ సున్నాకు వచ్చింది. 2019 ఏప్రిల్ 7న ఇంకోసారి. నావిక్ తన వారాలను 1999 ఆగస్టు 22 నుంచి లెక్కపెట్టుకుంది కాబట్టి దానికీ అదే ఏప్రిల్‌లో మొదటి చుట్టు పూర్తయింది. ఎన్నో చుట్టులో ఉన్నామో తెలియని పాత రిసీవర్లు తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి నెట్టాయి. సంవత్సరం పేరు ఉండి శకవర్షం లేని కాగితంలో బ్రౌన్ ఎదుర్కొన్నదీ ఇదే. జీపీఎస్ కొత్త సంకేతాల్లో వారానికి పదమూడు ద్విసంఖ్య స్థానాలు ఇచ్చారు, అంటే 8,192 వారాలు. ఆ చక్రం ఒక చుట్టు తిరగడానికి సుమారు 157 ఏళ్లు పడుతుంది.